డింగర్ల గోరీలో మూడో చోటు

పోర్ట్‌గార్వీ రేవులో నిలబడి "ఇసబెల్ ఫ్లెట్!" అని గట్టిగా కేకేస్తే ఊళ్ళో ఆడవాళ్ళలో సగం మంది తలలు తిప్పుతారు. మిగతా సగం మందికి చెవుడు. ఆ ఊరి ఇంటిపేర్లు ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చేపలు కోసేచోట రెండు వేళ్ళు పోగొట్టుకున్న చెయ్యయినా సరిపోతుంది. పిల్లలకి పెట్టే పేర్లు కూడా అంతే. తాతలవీ, నాయనమ్మలవీ, అమ్మమ్మలవీ తిప్పి తిప్పి పెట్టడమే. పుట్టిన బిడ్డకి కొత్త పేరు పెట్టడమంటే అక్కడ పడవెక్కి పంది పేరెత్తినంత అపచారం. ఆ మాట అనేశాం కాబట్టి ఇప్పుడు అందరం ఏదో ఒక ఇనుప ముక్క ముట్టుకోవాలి. అదీ అక్కడి పద్ధతి.

అందుకే ప్రతి కుటుంబానికీ ఒక మారుపేరు తగిలించారు. అది ఓటర్ల జాబితాలో ఉంటుంది, బ్యాంకు చెక్కు మీద ఉంటుంది, ఆఖరికి సమాధి రాతి మీదా ఉంటుంది. అలాంటి ఒక ఇసబెల్ ఫ్లెట్టే మన ఐసీ, వాళ్ళది 'డింగర్'. దానికి అర్థం ఏమిటని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. ఐసీని అడిగితే మూడు చెబుతుంది, మూడూ అబద్ధాలే.

ఐసీ ఇప్పుడు ఎనభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా, రేవులో తాడు కట్టే ఇనుప గుంజలా ఉంటుంది. బతుకంతా చేపల పొగ కొట్టంలో పనిచేసింది. హాడక్ చేపల్ని చీల్చడం, ఉప్పునీళ్ళలో ముంచడం, కమ్మీలకు వేలాడదీయడం, కింద రంపపుపొట్టు రాజెయ్యడం. తను చీల్చిన చేపల్ని వరసగా పేరిస్తే నార్వే దాకా వెళ్ళాయనీ, అక్కడి జాలర్లు వచ్చి 'తల్లీ, మా పడవలకి కాస్త దారి వదులు' అని మొరపెట్టుకున్నారనీ ఆవిడ చెబుతుంది. నార్వే వాళ్ళకి పోర్ట్‌గార్వీ భాష ఎలా వచ్చిందని అడిగినవాడికి ఆ ఏడాదంతా ఆవిడింట్లో హాడక్ సూప్ దొరకలేదు.

ఇలాంటి మనిషికి బతుకులో ఉన్నది ఒక్కటే కోరిక. ఊరి మీద ఎత్తుగా ఉండే చర్చి ఆవరణలో, సముద్రంవైపు గోడ మూలన, డింగర్ల గోరీలో మిగిలిన మూడో చోటు.

తాత జాన్ ఫ్లెట్ డింగర్ ఇల్లు అద్దెదే అయినా గోరీ మాత్రం సొంతం. హెర్రింగ్ చేపలు విరగబడిన ఒక వేసవిలో ఆ స్థలం కొనేశాడు. ఒకరి మీద ఒకరుగా ముగ్గురు పడుకునేంత లోతు. అడుగున ఆయనే ఉన్నాడు. ఆయన మీద నాయనమ్మ ఇసబెల్ ఉంది, బతికున్నన్నాళ్ళూ ఉన్నట్టే, నెత్తి మీద. ఆ పైన ఖాళీ. అక్కణ్ణించి చూస్తే రేవు కనిపిస్తుంది, సారాకొట్టు తలుపు కనిపిస్తుంది, ఎవరి పెరట్లో ఏ గుడ్డలు ఆరేశారో కూడా కనిపిస్తుంది. చచ్చాక కూడా ఊరి కబుర్లు తప్పిపోకుండా ఉండాలంటే అంతకంటే మంచి చోటు స్కాట్లండు మొత్తంలో లేదని ఐసీ లెక్క.

అయితే తాత ఒక మెలిక పెట్టి పోయాడు. మూడో చోటు తన భార్య పేరు పెట్టుకున్న మనవరాలికి, ఇద్దరుంటే పెద్దదానికి అని ఊరందరి ముందూ చెప్పి, గోరీల పుస్తకంలోనూ రాయించాడు. పాపం, పెద్దాయన పంచాయితీ తేల్చేశాననుకున్నాడు. ఇద్దరు కొడుకులకీ చెరో ఇసబెల్ పుట్టింది. ఒకే ఇంట్లో, ఒకే రోజున.

యుద్ధం రోజులవి. మగాళ్ళు సముద్రం మీద, ఇంట్లో ఇద్దరు కోడళ్ళు నిండు చూలాళ్ళు. మేడ మీద విలియం భార్య, కింద జేమ్స్ భార్య, మెట్ల మీద పైకీ కిందకీ పరుగెత్తుతూ ఒకే ఒక్క మంత్రసాని. బయట గాలివాన. మేడ మీద పుట్టింది ఐసీ, కింద పుట్టింది బెల్లా. ఎవరు ముందు? అదే ఊళ్ళో ఇప్పటిదాకా తేలని విషయం.

ఐసీ చెప్పేది ఇలా ఉంటుంది. తను తెల్లవారకముందే పుట్టింది. పుట్టగానే ఎంత గట్టిగా ఏడ్చిందంటే, గాలివానలో దారి తప్పిన పడవలన్నీ ఆ ఏడుపు విని రేవు ఎక్కడుందో పోల్చుకుని వచ్చేశాయి. బెల్లా పుట్టేసరికి ఆ పడవల వాళ్ళు ఒడ్డెక్కి ఫలహారాలు చేస్తున్నారు.

బెల్లా చెప్పేది వేరు. తను అప్పటికే పుట్టి, స్నానం చేసి, పాలు తాగి పడుకుంటే, మేడ మీద ఎవరో కేకలు పెట్టి నిద్ర చెడగొట్టారు. పడవలు వచ్చిన మాట నిజమే, కానీ ఆ గొంతు విని భయపడి మళ్ళీ వెనక్కి పోయాయి.

పుట్టినప్పుడు మొదలైన ఈ తగువు ఆగలేదు. నాయనమ్మ దగ్గర చేప జెన మొదటి ముక్క ఎవరికి, చర్చిలో బెంచీ చివర ఎవరికి, పెళ్ళి ఎవరిది ముందు, ఇలా ప్రతిదానికీ పేచీయే. చివరికి ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. ఐసీ రేవు పక్కన కింది వీధిలో ఉంటుంది. బెల్లా మెట్ట మీద కొత్త ఇంట్లో, గాజు వరండాలో టమాటాలు పెంచుకుంటూ ఉంటుంది. మొగుళ్ళు ఇద్దరికీ లేరు. ఐసీ మొగుడి బూడిద ఆయన కోరిక ప్రకారం సముద్రంలో కలపబోతే గాలి తిరిగి పాదిరిగారి కోటు మీద పడింది. తన మొగుడు ఇప్పటికీ ఆ కోటుతో వారం వారం చర్చికి వెళ్తున్నాడని ఐసీ అంటుంది. బెల్లా మొగుడు వాళ్ళ ఊరి శ్మశానంలో వాళ్ళ వాళ్ళ మధ్య ఉన్నాడు. "నలభై ఏళ్ళు ఆయన గురక విన్నాను, చాలు," అంటుంది బెల్లా.

ఇంతలో ఆ చలికాలం చర్చి గేటుకి ఒక నోటీసు అంటించారు. పాత శ్మశానం మూసేస్తున్నారు. ఖాళీ చోట్లమీద హక్కున్నవాళ్ళు వసంతంలోగా రుజువులతో రావాలి. రానివాళ్ళకి ఊరి వెనక కొత్త శ్మశానం ఉంది. ఆ కొత్త శ్మశానం పక్కనే ఏముందో తెలుసా? పందుల ఫారం. ఇనుము ముట్టుకోండి.

కాల్పించుకోవచ్చు కదా అని పాదిరిగారు ఐసీకి సలహా ఇచ్చారు. కోటు సంగతి ఆయనింకా మర్చిపోలేదు గనక, బూడిద మాత్రం సముద్రంలో కలపొద్దన్నారు.

"చూడండి పాదిరిగారూ," అంది ఐసీ, "జీవితమంతా నేను చేపల్ని పొగలో పెట్టాను. ఇప్పుడు నన్ను తీసుకెళ్ళి పొయ్యిలో పెడితే ఆ చేపలన్నీ పైన కూర్చుని నవ్వవూ?"

శనివారం పొద్దున మ్యూరియల్ రొట్టెల కొట్లో ఇద్దరూ ఎదురుపడ్డారు. ఇద్దరికీ కావలసింది వేడి బటరీలు, ఉప్పుగా, కొవ్వు కారుతూ ఉండే రొట్టెలు. మ్యూరియల్ కౌంటరు వెనక నిలబడి రాయబారానికి సిద్ధమయింది. ఏళ్ళ తరబడి ఆవిడకిది అలవాటే.

"మ్యూరియల్, ఆవిడతో చెప్పు," అంది ఐసీ గోడకేసి చూస్తూ, "గేటు మీద నోటీసు చూసిందో లేదో. ముసలి కళ్ళు కదా."

"చూశానని చెప్పు మ్యూరియల్. పెద్దదాన్ని నేనే కాబట్టి చోటు నాదేనని కూడా చెప్పు."

"పెద్దదా! మేడ మీద నేను పళ్ళు తోముకుంటుంటే కింద పుట్టిందని చెప్పు."

"ఆ పళ్ళు ఇప్పుడు గ్లాసులో ఉన్నాయట కదా, అడుగు."

"నేనేమీ అడగను," అంది మ్యూరియల్. "పుట్టిన గంట రిజిస్ట్రారు పుస్తకంలో రాసే ఉంటుంది. వెళ్ళి తెచ్చుకోండి. వెనకాల క్యూ పెరిగిపోతోంది."

ఇద్దరికీ అదెందుకు తోచలేదా ఇన్నాళ్ళూ! ఇంగ్లండు వాళ్ళకి ఏ రోజు పుట్టారో తెలిస్తే చాలు, కవలలు పుడితే తప్ప గంట సంగతి పట్టించుకోరు. స్కాట్లండులో అలా కాదు. మామూలు చేపలమ్ముకునేదాని కూతురికి కూడా గంటా నిమిషమూ రాసి పెడతారు. నిజానికి తోచకపోవడం కాదు. పుస్తకం తెరిస్తే అందులో ఏముంటుందోనని ఇద్దరికీ లోపల్లోపల బెరుకు.

సోమవారం ఐసీ మంచి కోటు వేసుకుని, బస్సెక్కి పట్నంలో రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళింది. అక్కడ మిసెస్ పిరీ అని ఒకావిడ. అబర్డీన్ మనిషి, మర్యాదస్తురాలు, ముక్కు మీద సన్నటి కళ్ళజోడు.

"మీ పేరు చెప్పండి."

"ఇసబెల్ ఫ్లెట్."

మిసెస్ పిరీ కంప్యూటరులో కొట్టి చూసి నిట్టూర్చింది. "చాలామంది ఉన్నారమ్మా."

"ఎందుకుండరు! డింగర్ అని కూడా చూడండి."

"అది... మీ భర్తగారి ఇంటిపేరా?"

"మొగుడి పేరుతో నాకేం పని? మా ఊళ్ళో ఆడది పుట్టింటి పేరుతోనే పుడుతుంది, పుట్టింటి పేరుతోనే పోతుంది. మధ్యలో మొగుడొచ్చి పోతాడు. డింగర్ మారుపేరు. పుస్తకంలో రాసుంటుంది, చూడండి."

చూస్తే నిజంగానే ఉంది. మిసెస్ పిరీకి ముచ్చటేసింది. "ఇదిగో. షోర్ స్ట్రీట్. పుట్టిన సమయం ఉదయం ఐదూ ఇరవై..."

"ఆపండి!" ఐసీ కుర్చీలోంచి లేచి నిలబడింది. "తెల్లవారకముందు! ఏం చెబుతూ వచ్చాను నేను బతుకంతా! అచ్చు కొట్టండి. ముద్ర గట్టిగా వెయ్యండి."

"ఇదే ఇంట్లో అదే రోజు ఇంకొకటి కూడా..."

"అది బెల్లాది. తర్వాతది. దాంతో మనకి పనిలేదు."

"ఒకసారి వివరాలు చూసుకుంటే..."

"ఎనభై ఏళ్ళుగా చూసుకుంటున్నా నన్ను నేను. కొట్టండమ్మా."

తిరుగు బస్సులో ఐసీ పక్కన కూర్చున్నవాళ్ళకీ, ముందు కూర్చున్నవాళ్ళకీ, డ్రైవరుకీ జనన పత్రం చూపించింది. దారిలో దిగాల్సినవాళ్ళు కొందరు కథ మధ్యలో దిగలేక పోర్ట్‌గార్వీ దాకా వచ్చేశారట. రేవులో చూపించింది, సారాకొట్లో చూపించింది, రాళ్ళు చెక్కే అతనికి చూపించి అక్షరాలు ఎంత లావుండాలో చెప్పింది. శనివారం దాకా ఆగి, కొట్టు నిండిన సమయం చూసి, బెల్లా రాగానే కాగితం మ్యూరియల్ చేతికిచ్చింది.

"చదువు మ్యూరియల్. ఆవిడకి వినబడేలా చదువు."

మ్యూరియల్ చేతులకంటిన పిండి తుడుచుకుని చదివింది. "ఇసబెల్ ఫ్లెట్ డింగర్. ఉదయం ఐదూ ఇరవై."

జనం 'ఓహో' అన్నారు. ఐసీ అటూ ఇటూ తలాడించింది, పట్టాభిషేకంలో రాణిలా.

బెల్లా మాత్రం చలించలేదు. బస్సులో ఆ కాగితం పూర్తిగా చదివినవాళ్ళెవరో ఆవిడ చెవిన ముందే వేసినట్టున్నారు. సంచీలో బటరీలు సర్దుకుంటూ నెమ్మదిగా అంది. "తండ్రి పేరు కూడా చదవమను."

మ్యూరియల్ కళ్ళు కిందికి దిగాయి. "తండ్రి... జేమ్స్ ఫ్లెట్ డింగర్. జాలరి."

ఐసీ నాన్న విలియం. జేమ్స్ బెల్లా నాన్న.

క్యూలో ఒకడు కిసుక్కుమన్నాడు. అంతే, కొట్టంతా గొల్లుమంది.

"మ్యూరియల్, ఆవిడకి నా తరఫున థాంక్స్ చెప్పు," అంది బెల్లా. "సొంత డబ్బుతో నా పత్రం తెప్పించి, బస్సులోనూ రేవులోనూ నేనే పెద్దదాన్నని చాటింపు వేసింది. నేనయితే ఇంత బాగా వేయించుకునేదాన్ని కాదు."

ఐసీ బటరీలు కూడా తీసుకోకుండా బయటికొచ్చేసింది. సొంత నాన్న పేరు ఎవరైనా చదువుకుంటారా? తెలిసిందే కదా! ఆ గంట కనపడగానే ఇంకేమీ కనపళ్ళేదు. అంతే.

ఆ వారమంతా ఆవిడ కిటికీ తెర తీయలేదు. ఐదూ ఇరవైకి బెల్లా పుట్టిందంటే, మంత్రసాని ఒక్కతే గనక, తను ఆ తర్వాతే అయ్యుండాలి. లేదా ముందే అయ్యుండచ్చు కూడా. కానీ ఇప్పుడు ఆ 'అయ్యుండచ్చు' మీద నిలబడే ధైర్యం లేదు. కుర్చీలో కూర్చుని నాయనమ్మని తలుచుకుంది. చిన్నప్పుడు నాయనమ్మ చేపల బుట్ట వీపుకి కట్టుకుని ఊళ్ళమ్మట తిరుగుతుంటే, ఐసీ ఆవిడ పావడా అంచు పట్టుకుని నడిచేది. చలేస్తే ఆ పావడా మడతల్లో దూరేది. ఉప్పూ, పొగా, తడి ఉన్నీ కలిసిన ఆ వాసన ఇంకెక్కడా దొరకలేదు. ఆవిడ దగ్గర పడుకోవాలన్నదే తప్ప, నిజం చెప్పాలంటే రేవు కనపడటం అంత ముఖ్యం కాదు. సారాకొట్టు తలుపు మాత్రం కొంచెం ముఖ్యమే.

ఇప్పుడిక కొత్త శ్మశానంలో, రాత్రీ పగలూ ఆ జంతువుల గుర్రుగుర్రుల మధ్య, ప్రళయం వచ్చేదాకా! కుర్చీ కాలికున్న ఇనుప మేకు ముట్టుకుంది.

సోమవారం మళ్ళీ బస్సెక్కింది. ఈసారి ఎవరితోనూ మాట్లాడలేదు. డ్రైవరే కంగారుపడి ఒంట్లో బాగుందా అని అడిగాడు.

"విలియం కూతురిది కావాలి," అంది మిసెస్ పిరీతో, చిన్న గొంతుతో. "మేడ మీద నేను, కింద బెల్లా, మంత్రసాని ఒక్కతే. ఎంత ఆలస్యంగా పుట్టానో చూడండి."

మిసెస్ పిరీ చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. "ఐదూ ఇరవై."

"అది బెల్లాదండీ. నాది చూడండి."

"మీదేనమ్మా. విలియం ఫ్లెట్ డింగర్ కూతురు. ఉదయం ఐదూ ఇరవై. రెండూ ఒక్కటే. రెండూ చెప్పి రాయించింది కూడా ఒక్కరే. ఇసబెల్ ఫ్లెట్, నాయనమ్మ, పుట్టినప్పుడు ఇంట్లో ఉన్నది." ఆవిడ నుదురు చిట్లించింది. "మంత్రసాని ఒక్కరే అన్నారు కదూ? పై అంతస్తులోనూ కింది అంతస్తులోనూ ఒకే నిమిషంలో... ఎలా?"

ఐసీ కళ్ళ ముందు నాయనమ్మ పొయ్యి గట్టు మీది గడియారం నిలబడింది. తాత ఒకసారి చేపలు పడక, కోపం పట్టలేక బూటు విసిరితే పెళ్ళాం తప్పుకుంది, గడియారం తప్పుకోలేకపోయింది. ఆ రోజునుంచి దాని ముళ్ళు కదల్లేదు. బాగు చేయించడం దండగని నాయనమ్మ అలాగే ఉంచేసింది. చిన్నప్పుడు ఆకలేసి టైమెంతయిందని ఎప్పుడడిగినా ఆవిడ ఆ గడియారం కేసి గంభీరంగా చూసి ఒకటే చెప్పేది.

"ఐదూ ఇరవై," అంది ఐసీ పైకి.

ఆ తర్వాత ఆవిడ నవ్విన నవ్వుకి పక్క గదిలో పెళ్ళి నమోదు చేయించుకుంటున్న జంట సంతకాలు ఆపి వచ్చి తొంగి చూసింది. ప్రభుత్వం వారి పుస్తకంలో, ముద్రతో సహా, నాయనమ్మ ఆగిపోయిన గడియారాన్ని రాయించేసింది! పోట్లాడుకోకుండా ఉండాలని కావాలనే చెప్పిందో, రిజిస్ట్రారు అడిగేసరికి అలవాటుగా నోటికొచ్చిందో, ఇక చెప్పగలిగే మనిషి లేదు.

గోరీల వ్యవహారం చూసే ఫర్కర్ అనే అతను టేపు పట్టుకుని చర్చి ఆవరణకి వచ్చాడు. ఐసీ ఒకవైపు, బెల్లా ఒకవైపు నిలబడ్డారు. మధ్యలో తాతా నాయనమ్మల రాయి. అతను రెండు పత్రాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"నాయనమ్మ గడియారమే," అంది బెల్లా గోడకేసి చూస్తూ. ఆవిడకీ వెంటనే తట్టింది.

"బూటు దెబ్బే," అంది ఐసీ, ఇంకో గోడకేసి.

మధ్యలో మ్యూరియల్ లేదు. ఇద్దరూ ఆ సంగతి కాస్త ఆలస్యంగా గమనించారు.

"ఇద్దరూ సమానమే," అన్నాడు ఫర్కర్. "హక్కు ఇద్దరి పేరునా రాస్తాను. చోటు ఒక్కటే. ఎవరు ముందొస్తే వాళ్ళది."

"ముందు రావడమంటే?" అంది ఐసీ. "రేపు పొద్దున్నే వచ్చి కూర్చోమంటావా?"

"అంటే..." అతను గొంతు సవరించుకున్నాడు. "ముందు పోతే. రెండోవాళ్ళకి పైన మట్టి చాలదు. బూడిదయితే సర్దొచ్చు. లేకపోతే కొత్త శ్మశానం."

ఫర్కర్ టేపు చుట్టుకుని వెళ్ళిపోయాడు. సముద్రం మీంచి గాలి కొడుతోంది. ఇద్దరూ బెంచీకి చెరో కొసనా కూర్చున్నారు. గెలవాలంటే ముందు చావాలని ఇద్దరికీ ఒకేసారి, బహుశా ఒకే నిమిషంలో, బోధపడింది.

ముందు నోరు తెరిచింది ఐసీ. "ఏమే బెల్లా, ఆలోచిస్తే నువ్వు చెప్పిందే నిజమనిపిస్తోంది. నువ్వే ముందు పుట్టుంటావు."

బెల్లా ఉలిక్కిపడింది. "నేనా? అబ్బే. ఆ పడవల కథ నాకిప్పుడు పూర్తిగా నమ్మకం కుదిరింది. ఆ ఏడుపు నీదే. పెద్దదానివి నువ్వే."

"పోవే, నీ నడక చూస్తేనే తెలుస్తుంది పెద్దరికం. మోకాళ్ళెలా ఉన్నాయి అక్కా?"

"అక్కా?" పుట్టాక మొదటిసారి ఆ మాట విని బెల్లా కళ్ళు పెద్దవి చేసింది. వెంటనే సర్దుకుంది. "మోకాళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. నీ దగ్గు మాత్రం బాగా లేదక్కా. ఆ పొగ కొట్టం నిన్ను తినేసింది."

"పొగ పట్టిన సరుకు పాడవదు, తెలుసా? నేను ఇంకో ఇరవై ఏళ్ళు నిలవుంటాను. నువ్వు గాజు వరండాలో మగ్గుతున్న టమాటావి. ఎప్పుడు రాలతావో ఏమో."

"నాకేం తొందర లేదు. నాయనమ్మ దగ్గర చోటు నీకే ఇచ్చేస్తాను, వెళ్ళి పడుకో అక్కా."

"పెద్దవాళ్ళుండగా నేనెలా వెళ్తాను? మర్యాద కాదు."

బెల్లా సంచీ తెరిచింది. కాగితంలో ఒక బటరీ, ఇంకా వెచ్చగా ఉంది. రెండోది దారిలోనే అయిపోయినట్టుంది, పెదవి చివర కొవ్వు మెరుస్తోంది. కాగితం బెంచీ మధ్యలో పెట్టింది.

"పెద్దదానివి. ముందు నువ్వు తీసుకో."

"ఛ, ఛ. నువ్వు తీసుకో అక్కా."

"నువ్వు తిన్నాకే నేను."

ఇద్దరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని, మెడలు నిటారుగా పెట్టి, ఎవరు ముందు చెయ్యి చాస్తారా అని చూస్తూ కూర్చున్నారు. గోడ మీద కూర్చున్న సీగల్ పక్షికి మాత్రం ఇలాంటి మర్యాదలు తెలియవు. ఒక్క ఊపున దిగి, బటరీ ముక్కున కరుచుకుని, నాయనమ్మ రాతి మీద వాలి తాపీగా మింగింది.

"అదీ వరస," అంది ఐసీ. "ముందొచ్చినవాళ్ళదే."

"నీ ఆకారానికి అది సరిపోయేదా ఏంటి," అంది బెల్లా లేస్తూ. "పద, కిందికి పోదాం. మ్యూరియల్ కొట్టు మూసేస్తుంది."

మెట్ల దగ్గర ఇద్దరూ మళ్ళీ ఆగిపోయారు. సన్నటి మెట్లు, ఒకసారికి ఒక్కరికే చోటు.

"నువ్వు ముందు," అంది ఐసీ.

"నువ్వే," అంది బెల్లా.